తొమ్మిది పేర్ల ప్రార్థన

పోయిన నెల ఒక ఆదివారం మా నాచారం చర్చిలో పాటలు అయిపోయాక తెర మీద ఒక నాయకుడి ఫొటో పడింది. మెడలో కండువా, జోడించిన చేతులు. ఎన్నికలు దగ్గర పడ్డాయి కాబట్టి ఆయనెవరో ఎవరూ చెప్పక్కర్లేదు. ఉప్పల్ చౌరస్తా నుంచి మా సందు దాకా స్తంభానికొకటి చొప్పున అదే నమస్కారం వేలాడుతోంది. మా చిన్న పాస్టరు మైకు పట్టుకొని, "మనకోసం నిలబడ్డ నాయకుడు, అందరం చేతులెత్తి ఆశీర్వదిద్దాం" అన్నాడు. మూడంతస్తుల చర్చి, ఏసీలు, కింద కార్లు పెట్టుకునే చోటు. అందరి చేతులూ లేచాయి. నావి మాత్రం ఒళ్ళోనే ఉండిపోయాయి. పక్కనున్న కోడలు మోచేత్తో పొడిచింది. కీళ్ళనొప్పులని సైగ చేశాను. అబద్ధమే. వయసు మళ్ళినవాళ్ళకు దేవుడిచ్చిన సౌకర్యాల్లో ఇదొకటి, ఇష్టంలేని పనులన్నీ కీళ్ళ మీదికి తోసెయ్యొచ్చు.

ఆరాధన అయ్యాక పాస్టరును మెట్ల దగ్గర పట్టుకున్నాను. "బాబూ, మిగతావాళ్ళ పేర్లు చదవలేదేం?" అని అడిగాను. "ఏ మిగతావాళ్ళు ఆంటీ?" అన్నాడు. "ఆయన మీద పోటీ చేసేవాళ్ళు." పిల్లవాడు మంచివాడు, నవ్వాడు. "అందర్ని చదివితే టైం సరిపోదు ఆంటీ. పైగా ఈయన మనకు హాలు కట్టిస్తనని మాటిచ్చిండు." మాటిచ్చిండు అన్న ముక్క చెవిన పడగానే నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఈసారి కీళ్ళ పాత్ర ఏమీ లేదు. నలభై ఏళ్ళు బడిలో పిల్లలకు పౌరశాస్త్రం చెప్పినదాన్ని, ఆ అబ్బాయికి ఏమైనా చెప్పి ఉండొచ్చు. కానీ నాకు మా నాయిన గుర్తొచ్చాడు, నాయిన కంటే ముందు మా అవ్వ గుర్తొచ్చింది.

మాది చిల్కానగర్ అంచున రేకుల ఇల్లు. రెండు గదులు, ముందు కాస్త గచ్చు. జనగామ దిక్కు నుంచి వరంగల్ రోడ్డు పట్టుకొని బతుకుదెరువుకు వచ్చినవాళ్ళం. మా నాయిన యోసేపు నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. అమ్మ, నేను, నా తర్వాత పలకల వయసులో ఇద్దరు తమ్ముళ్ళు, వీళ్ళందరి మీదా మా అవ్వ, అంటే నాయిన తల్లి. ఆ రోజుల్లో గాలి ఎటు వీస్తే అటువైపు ఫ్యాక్టరీ వాసన వచ్చేది. ఒకరోజు మందుల వాసన, ఒకరోజు రంగుల వాసన. అవ్వ పొద్దున లేచి గడపలో నిలబడి ముక్కు ఎగబీల్చి, "ఇయ్యాల రంగుల కంపెనీ దిక్కుకెళ్ళి వస్తుంది గాలి, బట్టలు ఆరేయకు కోడలా" అనేది. రేడియోలో వచ్చే వాతావరణం వార్తల కంటే ఆమె ముక్కునే మా వాడకట్టు ఎక్కువ నమ్మేది.

శనివారం సాయంత్రం సైరన్ మోగిన పావుగంటకు నాయిన సైకిల్ గచ్చు ఎక్కేది. ముందు కిరోసిన్‌తో చేతులు తుడుచుకునేవాడు, తర్వాత రంపపు పొట్టులో సబ్బు కలిపి గోళ్ళ సందుల్లోకంటా రుద్దేవాడు. వారమంతా పట్టించుకోని ఆ గ్రీజు మరకల్ని శనివారం మాత్రం ఒక్కటి కూడా మిగలనిచ్చేవాడు కాదు, ఎందుకంటే మర్నాడు పొద్దున ఆ చేతులతో చర్చిలో ఒక కాగితం పట్టుకోవాలి. అమ్మ తెల్లచొక్కాకు గంజి పెట్టేది. అవ్వ నోట్లో ఆకువక్క వేసుకొని, "కంపెనీల మురికి పోయిందా? ఇగ లోపలి మురికి సూసుకో" అని కొడుకును ఆటపట్టించేది. కిరోసిన్, గంజి, అవ్వ ఆకువక్క, ఈ మూడు వాసనలూ కలిస్తే నాకు ఇప్పటికీ శనివారమే.

ఆ కాగితం అధికారుల కాగితం. మా సంఘంలో నలభై కుటుంబాలుండేవి. చర్చి అంటే రేకుల షెడ్డు, కింద చాపలు, ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క. మమ్మల్ని ఏలేవాళ్ళ కోసం ప్రార్థించాలని బైబిలు వాక్యంలో ఉంది కాబట్టి ప్రతి ఆదివారం ఒక సంఘపెద్ద వాళ్ళను పేరుపేరునా ప్రార్థనలో చదవాలి. ఆ పని మా నాయినది. రాష్ట్రపతి నుంచి మొదలై ప్రధాని, ముఖ్యమంత్రి, ఎమ్మెల్యే, వార్డు కౌన్సిలర్, ఠాణాలో ఎస్సై, అక్కడినుంచి నాయిన సొంతంగా కిందికి దిగి, రేషన్ దుకాణం డీలరు, కరెంటు లైన్‌మన్, వారానికి మూడుసార్లు నల్లా వాల్వు తిప్పే మనిషి దాకా వచ్చేవాడు. "లైన్‌మన్‌ను ముందు పెట్టరాదుర? కరెంటు పోతే రాష్ట్రపతి వస్తడా స్తంభమెక్క?" అనేది అవ్వ. నాయినకు కూడబలుక్కొని చదవడమే వచ్చు, రాయడం కష్టం. అందుకని ఏడో తరగతిలో ఉన్న నేను గుండ్రటి అక్షరాలతో రాసిచ్చేదాన్ని. నాయినది ఒకటే నియమం. "కుర్చీల ఉన్నోని పేరు చదవాలె. వాడు మంచోడా కాదా మనకు పని లేదు. కుర్చీ కోసం ఉరికేటోని పేరు చదవొద్దు. గది దేవుని మీద సిఫార్సు చేసినట్టయితది."

ఇంత నియమం గల మనిషికీ, ఆయన తల్లికీ మధ్య ఒక జానెడు నేల వచ్చి పడింది. మా తాత పోతే ఊళ్ళో పొలం గట్టున పెట్టారు. కొన్నాళ్ళకు అటుగా రోడ్డు వెడల్పు చేశారు. అవ్వ ఊరికి పోయినప్పుడు సమాధి కోసం వెతికితే తారు కనిపించింది. "మీ తాత మీదికెళ్ళి లారీలు పోతున్నయ్ బిడ్డా" అని నాతో ఒకసారి అంది, అప్పుడు కూడా ఏడవలేదు. కానీ అప్పటినుంచి ఆమెకు ఒకటే కోరిక. తనను నడిచి రాగలిగినంత దూరంలో పెట్టాలి. "మీకు బస్సు కిరాయి లేకపోయినా నాకు మొగం సూపియ్యాలె. ఈస్టరునాడు ఒక్క కొవ్వొత్తి పెట్టాలె. గంతే నేనడిగేది" అనేది. మా సంఘానికేమో సమాధుల తోట లేదు. ఎవరైనా పోతే మా పాస్టరు అయ్యగారు నగరంలో ఉన్న పాత సమాధుల తోటలకు తిరిగి, మా మనిషికి కాస్త చోటివ్వండని బతిమాలాలి. వాళ్ళకూ వాళ్ళ సభ్యులకే చాలీచాలకుండా ఉండేది. ఒకసారి ఎవరిదో నెల్లాళ్ళ బిడ్డ పోతే, అయ్యగారు ఆ చిన్న పెట్టెను ఒళ్ళో పెట్టుకొని ఆటోలో మూడుచోట్లకు తిరిగారు. 

అలాంటి రోజుల్లో మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. యాదగిరి అని ఒక కాంట్రాక్టరు మా వార్డులో నిలబడ్డాడు. తనను గెలిపిస్తే చిల్కానగర్ వెనక రాళ్ళగుట్ట పక్కనున్న సర్కారు జాగా మా సంఘానికి బొందలగడ్డ కోసం ఇప్పిస్తానని అయ్యగారికి మాటిచ్చాడు. ఆ కబురు విన్న రోజు అవ్వ ఆ రాళ్ళగుట్ట దాకా నడిచిపోయి చూసొచ్చింది. ఇంటినుంచి ఎన్ని అంగలో లెక్కపెట్టుకుంది కూడా. "మస్తు దగ్గరున్నది. కోడలు కూర పొయ్యి మీద పెట్టి వచ్చి పోవచ్చు" అని చెప్పి, ఆ సాయంత్రం రొట్టె ఒకటి ఎక్కువ తింది.

శుక్రవారం అయ్యగారు మా ఇంటికొచ్చారు. ఆయనది గుంటూరు వైపు, మెత్తటి మాట. గచ్చు మీద కుర్చీ వేస్తే కూర్చోకుండా నిలబడే చెప్పారు. "యోసేపు గారూ, యాదగిరి గారు ఆదివారం వస్తున్నారు. అధికారుల ప్రార్థనలో ఆయన్ని ముందుకు పిలుస్తాను. ఆయన గెలుపు కోసం మీరు ప్రార్థన చెయ్యాలి."

"అయ్యగారూ, ఆయన ఇంక అధికారి కాలే గద" అన్నాడు నాయిన.

"అవుతాడండీ."

"అయినంక ప్రతి ఆదివారం చదువుత."

"అయ్యాక చదివితే మనకేం లాభం? ఆ పసిబిడ్డ పెట్టె ఒళ్ళో పెట్టుకుని తిరిగింది నేను యోసేపు గారూ, మీరు కాదు" అన్నారు అయ్యగారు. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. నాయిన తల వంచుకున్నాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని కలుపుతూనే ఉన్నాడు గానీ తినలేదు.

శనివారం పొద్దున నన్ను పిలిచి, "మున్సిపల్ ఆఫీసు గోడకు పోటీల ఉన్నోళ్ళ పేర్లు అతికిచ్చిన్రంట. ఎవ్వర్ని ఇడిసిపెట్టకుండ రాసుకొని రా" అన్నాడు. ఒక్కరి గెలుపు కోసం ప్రార్థించడానికి మనసొప్పలేదు, అయ్యగారి మాట కాదనడానికీ మనసొప్పలేదు. అందుకని పోటీలో ఉన్నవాళ్ళందరికీ చేద్దామని తీర్మానించుకున్నాడు. నేను నోటు పుస్తకం, పెన్సిలు తీసుకుపోయి గోడ ముందు నిలబడి రాసుకొచ్చాను. తొమ్మిది పేర్లు, అక్షరక్రమంలో ఉన్నాయి. అంజయ్య అనే ఆయన మొదట, యాదగిరి చిట్టచివర. పేరు పక్కన గుర్తు కూడా ఉంటే, ఏదీ వదలొద్దన్నాడు కదా అని అవీ రాశాను. మా బళ్ళో నాకు క్లాసు లీడరు పదవి ఊరికే రాలేదు.

సాయంత్రం నేను కాగితం మీద దిద్దుతుంటే అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. చదువు రాకపోయినా, ఏ పేరు ఎక్కడుందో వేలు పెట్టించి చెప్పించుకుంది. "యాదగిరి అడుగునున్నడా?" అంది. అవునన్నాను. గొంతు తగ్గించి, "మొదలు రాయరాదు బిడ్డా. అందరూ ఉంటరు, ఆయన ముందుంటడు. ఎవలకేం నష్టం?" అంది. మా అవ్వ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నేనేమో పెన్సిలు చెవిలో దోపుకొని, "గట్ల రాయొద్దవ్వా. మా బడిల హాజరు పట్టీ గిట్లనే ఉంటది. ముందుకు ఎనుకకు చేస్తే మోసమైతది" అన్నాను. అవ్వ చీర కొంగుతో కాగితం మీది ధూళి తుడిచి లేచిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల నీతి ఎంత కటువుగా ఉంటుందో ఆ తర్వాత బళ్ళో ఎందరిలోనో చూశాను, చూసినప్పుడల్లా చెంప చెళ్ళుమన్నట్టే ఉండేది.

ఆదివారం యాదగిరి పదిమందితో వచ్చాడు. మా షెడ్డులో చేతులున్న కుర్చీ ఒక్కటే, అది అయ్యగారిది, అందులో కూర్చున్నాడు. నాయిన గంజి చొక్కాతో ముందుకు వెళ్ళి, కాగితం విప్పి, రాష్ట్రపతి నుంచి వాల్వు మనిషి దాకా ఎప్పటిలాగే చదివి, "ప్రభువా, మా వార్డుల నిలబడ్డ తొమ్మిది మంది కోసం" అని మొదలుపెట్టాడు. కాగితం మీద ఏది ఉంటే అది చదివే మనిషి. "కుట్టుమిషను గుర్తు అంజయ్యను నీ సన్నిధికి తెస్తున్నం" అన్నాడు. కుర్చీలో మనిషి కళ్ళు తెరిచాడు. అంజయ్య ఆయనకు ఆగర్భ శత్రువు, గెలిస్తే తను గెలవాలి, లేకపోతే అంజయ్య గెలవాలి, మిగతావాళ్ళు ఆటలో అరటిపండ్లు. నాయిన కళ్ళు మాత్రం కాగితం మీదే ఉన్నాయి. ఒక్కొక్క పేరూ, ఒక్కొక్క గుర్తూ, ఒక్కొక్కరికీ మంచి బుద్ధి, మంచి ఆరోగ్యం. మా సందు మొగలో సైకిళ్ళు బాగుచేసే మల్లేశం కూడా సరదాకు నామినేషన్ వేశాడు, "నిచ్చెన గుర్తు మల్లేశాన్ని" అనేసరికి చాపల మీద పిల్లలు కిసుక్కుమన్నారు. తొమ్మిదోది, "నీళ్ళకుండ గుర్తు యాదగిరిని" వచ్చేసరికి ఆయన మనుషులు చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆమేన్ అయ్యాక యాదగిరి నవ్వుతూనే లేచాడు. "మంచిగ చేసినవ్ పెద్దమనిషీ. అంజయ్య ఏమిచ్చిండు నీకు?" అన్నాడు. నాయినకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. నావైపు చూశాడు, కాగితంలో ఏదైనా తప్పు రాశానా అని.

సాయంత్రానికల్లా యోసేపు అంజయ్య మనిషన్న మాట ఉప్పల్ దాకా పాకింది. సంఘంలో సగంమంది మా ఇంటి ముందు సైకిల్ దిగడం మానేశారు. అయ్యగారు ఒక్కమాట అనలేదు, అదే ఎక్కువ బాధ. అమ్మ మాత్రం అన్ని మాటలూ అంది. "దేవుడడిగిండా నిన్ను తొమ్మిది పేర్లు? ఒక్కటి చదివితే కోపమొస్తదా ఆయనకు?" నాయిన, "కోపం రాదు. కానీ ఆ ఎనిమిది మందికి కూడ ఆయననే దేవుడు గద" అన్నాడు. మల్లేశం ఒక్కడే సంతోషించాడు. మర్నాడు వచ్చి నాయిన సైకిల్ చెయినుకు తనే నూనె వేసి, "నాకోసం నా పెండ్లామే గుళ్ళె మొక్కలేదన్నా" అని చెప్పి పోయాడు.

 రోజూ పొద్దున నాయిన పనికి పోయేముందు ఆయన తల మీద చెయ్యిపెట్టి ప్రార్థించడం అవ్వ అలవాటు. అది మానేసింది. నాయిన మాత్రం రోజూ గడపలో తల వంచి కాసేపు నిలబడి, చెయ్యి రాకపోతే సైకిల్ ఎక్కి వెళ్ళిపోయేవాడు. ఓట్ల రోజున అవ్వ తెల్లచీర కట్టుకొని గచ్చు మీదికి వచ్చింది. "నీ ప్రార్థన నీది కొడుకా, నా ఓటు నాది. నేను యాదగిరికే ఏస్త" అంది. "ఏయమ్మా. నేను ఒద్దంటనా?" అని నాయిన ఆమెను సైకిల్ వెనక కూర్చోబెట్టుకొని బూతుకు తీసుకుపోయాడు. తిరిగొచ్చాక ఆమె వేలి మీది సిరా ఆరిందో లేదో చూసుకొని, ఆ చెయ్యే ఆయన తల మీద పెట్టింది. తను ఎవరికి వేశాడో మాత్రం నాయిన ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.

యాదగిరి గెలిచాడు. అయ్యగారు జాగా సంగతి అడగడానికి పోతే, "మీ పెద్దమనిషిని పోయి అంజయ్యను అడగమను" అన్నాడట. ఆ వానాకాలమే అవ్వకు జ్వరం తగులుకుంది. దవాఖానా నుంచి ఇంటికి పంపించేశాక ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చొని, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నది కక్కేశాను. "అవ్వా, నేను నీ మాట ఇననందుకే జాగ రాలే" అని ఏడ్చాను. ఆమె నా చెయ్యి పట్టుకొని, "నువ్వు రాసింది తప్పు గాదు బిడ్డా. నేనడిగింది తప్పు గాదు. ఇద్దరం సక్కగనే ఉన్నం. జాగ రాకపాయె, ఏం జేస్తం?" అంది. ఎంత ఆలోచించినా ఆ మాటకు మించిన తీర్పు నాకు ఈరోజుకూ దొరకలేదు.

అవ్వను నగరానికి అవతలి కొసన, అయ్యగారి స్నేహితుడి సంఘానికున్న పాత సమాధుల తోటలో పెట్టాం. రెండు బస్సులు మారాలి. గోడవారన నీళ్ళు నిలిచే చోటు దొరికింది. చేతికంటిన మట్టిని నాయిన ఇంటికొచ్చాక కూడా కడుక్కోలేదు. ఆ శనివారం కాగితం రాయడానికి కూర్చున్నప్పుడు నేను ఒక పని చేశాను. రాష్ట్రపతిని రాశాను, ముఖ్యమంత్రిని రాశాను, ఎమ్మెల్యే తర్వాత నేరుగా ఎస్సై పేరు రాశాను. కౌన్సిలర్‌ను వదిలేశాను. అక్షరక్రమమూ హాజరు పట్టీ ఏమైపోయాయో నాకే తెలియదు. నా చెయ్యి ఆ పేరు రాయనంది.

మర్నాడు నాయిన చదువుతూ చదువుతూ అక్కడికొచ్చి ఆగిపోయాడు. ఎంతసేపు ఆగాడంటే, అవ్వ గుర్తొచ్చిందేమోనని ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో వెక్కారు కూడా. నాయిన కాగితం మీదినుంచి తలెత్తి నన్ను చూశాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకొని, చూడకుండానే, "మా వార్డు కౌన్సిలర్ యాదగిరిని దీవించు ప్రభువా" అని, మిగతా పేర్లన్నీ నోటికి చదివి ముగించాడు. ఇంటికొచ్చేటప్పుడు సైకిల్ నడిపించుకుంటూ నా పక్కన నడిచాడు. తిడతాడనుకున్నాను. "నీకు కోపమున్నది. నాకు లేదనుకున్నవా బిడ్డా?" అన్నాడు. "మా అమ్మను ఆ బురదల పెట్టొచ్చిన. నాక్కూడ ఆ పేరు పలుకబుద్ధి కాలే. గందుకే పలికిన. పలుకకపోతే రేపు ఆయన ముందట ఏ మొకంతోని నిలబడుత?"

నిజంగానే మర్నాడు సగంపూట సెలవు పెట్టి నాయిన నన్ను వెంటబెట్టుకొని కౌన్సిలర్ ఆఫీసుకు పోయాడు. నాతో రాయించిన దరఖాస్తు చేతిలో ఉంది. బల్ల మీద రెండు గంటలు కూర్చోబెట్టారు. పిలిచాక నాయిన, "నిన్న మీ కోసం ప్రార్థన చేసినం సార్. ఇయ్యాల దరఖాస్తు తెచ్చిన" అన్నాడు. యాదగిరి ఎగాదిగా చూసి, "నా కోసమా?" అన్నాడు. "మీరు మా కౌన్సిలర్ గద సార్. ప్రతి ఐతారం చేస్తున్నం. దేవునికి చెప్పేది దేవునికి చెప్పినం, మీకు చెప్పేది మీకు చెప్పాలె గద." యాదగిరి కాగితం తీసుకొని, ఎగిరిపోకుండా టేబుల్ మీది గాజుబిళ్ళ కింద పెట్టాడు. అది అక్కడే ఉండిపోయింది. నెల తిరిగేసరికి నాయిన ఇంకొకటి రాయించాడు. యాదగిరి కాలం అయిపోయింది, ఆ తర్వాత అంజయ్య వచ్చాడు, ఆయన గాజుబిళ్ళ కింద కూడా మా కాగితాలు చేరాయి. నేను టీచర్నయ్యాను, పెళ్ళయింది, అయినా నెల మొదటి సోమవారం నాటికి దరఖాస్తు రాసిచ్చే పని నాదే. మూడో కౌన్సిలర్ హయాంలో, నాయిన రిటైరైన తర్వాత, రాళ్ళగుట్ట పక్క జాగా మా సంఘం పేరున వచ్చింది.

నాయిన చేసింది అంతా ఒప్పని నేను గుండెమీద చెయ్యేసుకొని చెప్పలేను. ఆ రోజు ఒక్క పేరు చదివి ఉంటే అవ్వ కోరిక తీరేదేమో, యాదగిరి అప్పుడు కూడా మాట తప్పేవాడేమో, తెలిసే దారి లేదు. ఒకటి మాత్రం తెలుసు. అప్పుడు మా నలభై కుటుంబాలకు ప్రార్థన వేరు, బేరం వేరు అని నాయిన కాగితం వారంవారం గుర్తుచేసేది. ఇప్పుడు మా చర్చిలో నాలుగు వందల కుటుంబాలున్నాయి, చదువులున్నాయి, చౌరస్తాలో గుంత పడితే ఫోనులో బూతులు తిట్టుకునే గ్రూపులున్నాయి. తిట్టేవాళ్ళు అధికారి కోసం ప్రార్థించరు, చేతులెత్తి ప్రార్థించేవాళ్ళు దరఖాస్తు పట్టుకొని పోరు. వాల్వు తిప్పే మనిషి పేరేమిటో నాతో సహా ఎవరికీ తెలియదు. అది తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఆ జాగాకు గోడ కట్టి ప్రతిష్ఠ చేసిన రోజున సంఘపెద్దలు నాయినను ముందు నిలబెట్టి దండ వేశారు. ఒకప్పుడు మా ఇంటి ముందు సైకిల్ దిగనివాళ్ళే, గేటు పక్కన నీడ పడే మంచి చోటు చూపించి, "యోసేపన్నా, ఇది నీది. ఎవ్వలకియ్యం" అన్నారు. నాయిన ఆ చోటు చుట్టూ ఒకసారి నడిచాడు. అవ్వలాగే అంగలు లెక్కపెడుతున్నాడేమోననిపించింది. తిరిగొచ్చి, "మీరు ఉంచుకోన్రి" అన్నాడు. "మా అమ్మను ఇక్కడికి తెచ్చుడు అయ్యే పని గాదు, అడిగి సూసిన. నడిచొచ్చేటంత దూరంల ఆమెకు జాగ సూపియ్యలేకపోయిన. నన్ను తీస్కపోయి ఆమె కాడ పెట్టున్రి." ఎవరో ఏదో అనబోతే చేతితో వారించాడు. ఇంటికొచ్చి నాతో, తమ్ముళ్ళతో అదే మాట మళ్ళీ చెప్పించుకున్నాడు.

అలాగే చేశాం. ఆ పాత తోటలో కొత్త చోట్లు లేవు, కుటుంబంలో వాళ్ళకైతే పాత సమాధిని మళ్ళీ తెరవనిస్తారు. నాయిన తన తల్లి సమాధిలోనే ఉన్నాడు. ఈస్టరు తెల్లవారుజామున మా వాడకట్టంతా కొవ్వొత్తులు పట్టుకొని, పాడుకుంటూ, పిల్లలను చంకనెత్తుకొని రాళ్ళగుట్ట దాకా పది నిమిషాల్లో నడిచిపోతుంది. ఆ వెలుగు మా సందు మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి చూసి, నేను ఆటో మాట్లాడుకుంటాను.